దగ్గరి పక్క, దూరపు పక్క

మినెజావా కొండ ఊరు,
నవంబరు

మరదలు ఫుసకొకి,

ఉత్తరం మొదట్లో ఋతువు సంగతి రాయాలి కాబట్టి రాస్తున్నాను: చలి. ఆ మర్యాద తీరిపోయింది.

లెట్యూస్ పొలాలన్నీ దున్ని వదిలేశారు. మా బసకి వచ్చేవాళ్లు తగ్గారు. అబ్జర్వేటరీ పెద్ద రేడియో డిష్ మాత్రం ఇంకా తిరుగుతోంది, నాలాగే, కీళ్లు కిర్రుమంటున్నా. మార్చి ఆఖరుకి దాన్ని ఆపేస్తారని నీ చెవిన పడే ఉంటుంది. ఆపడానికి ఒక సభ, సభకి ఒక సంఘం, సంఘానికి ఒక భోజనాల ఉపసంఘం వేశారు. నడిపినన్నాళ్లూ దానికి ఇంతమంది మనుషులు దొరకలేదు.

మొన్న ఆదివారం బస్సు నిండా పర్యాటకులు దిగారు. నేను అక్కడి ఉద్యోగం దిగిపోయి పదేళ్లు దాటినా, జనం వస్తే నన్నే పిలిచి డిష్ ముందు నిలబెడతారు. ఇంత పెద్ద గిన్నె తిప్పి ఇన్నాళ్లూ ఏం చూశారని ఒకావిడ అడిగింది. నేను నీ గెలాక్సీ కథ ఎత్తుకున్నాను. సింకులో నీళ్లు కన్నంలోకి జారినట్టు, చుట్టలు తిరిగిన గెలాక్సీలో వాయువు మధ్యకి జారిపోతుంది కాబోలు అంది ఆవిడ. ఒకప్పుడు నేనూ నీతో అదే మాట అని, మీ అక్క ముందు చీవాట్లు తిన్నాను గదా. అందుకని ఆవిడకి మన బోన్ పండుగ నాట్యం చెప్పాను. మధ్యలో డోలు మంచె. చుట్టూ ఊరంతా గుండ్రంగా ఆడుతూ తిరుగుతుంది. ఎంతసేపు తిరిగినా ఎవరూ మంచె దగ్గరికి చేరరు. తిరిగే ఊపే వాళ్లని మధ్యకి పోనివ్వదు. మన సాకె సారా కొట్టాయన లాంటివాడు తూలి పక్కవాణ్ని గుద్దుకుంటే, ఆ ఊపు పోయి, అప్పుడు మంచె కాళ్ల దగ్గర వచ్చి పడతాడు. గెలాక్సీ నడుమ నక్షత్రాల దూలం ఒకటుంటుంది, వాయువు దాన్ని గుద్దుకుని ఊపు పోగొట్టుకుని లోపలికి పడుతుంది, అలా పడటం కళ్లారా చూసింది మా మరదలు అన్నాను. ఆవిడ చాలా మెచ్చుకుని, సాకె కొట్టు ఎటు అని అడిగింది.

అసలు సంగతి. డిష్ చివరి ఆరు గంటలు నీకు ఇవ్వాలని సంఘం నిర్ణయించింది. నీ గెలాక్సీ ఆ రోజుల్లో పగటిపూట నడినెత్తికి వస్తుంది కాబట్టి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. ఇక్కడ చేసిన పనుల్లో పదిమంది నోళ్లలో నానింది నీ పని ఒక్కటే అని వాళ్ల లెక్క. రా. గది వెచ్చగా ఉంచుతాను.

ఇప్పుడు మా బసలో మినొవా కనాయె అనే పరిశోధకురాలు ఉంటోంది. ముప్పై అయిదేళ్లుంటాయి. గడువు ఉద్యోగం, మార్చితో సరి. చదివేది నీ గెలాక్సీనే. అన్నం ముందు కూచుని ఆలోచిస్తుంది, అన్నం చల్లారాక తింటుంది.

అన్నట్టు, భోజనాల గదిలో మీ అక్క తగిలించుకున్న ఆ గెలాక్సీ ఫొటో ఎవరు అచ్చు వేశారు?

బావ,
మొతోజి


ఇబుసుకి,
డిసెంబరు

బావగారూ,

ఇక్కడ చలి లేదు. నా మర్యాదా తీరింది.

నేను రాలేను. తుంటి ఎముక మెట్లెక్కనివ్వడం లేదు. వారానికి రెండుసార్లు వైద్యమని వేడి ఇసుకలో మెడ దాకా పూడ్చి పడుకోబెడతారు. పక్కనే పూడ్చిపెట్టిన ముసలివాళ్లతో ఆకాశం చూస్తూ మాట్లాడతాను. వాళ్లెవరికీ నేనేం చేశానో తెలియదు, అడగరు కూడా. అంతకంటే మంచి సభ నాకు అక్కర్లేదు.

నిజం చెప్పాలంటే తుంటి కారణం కాదు. అలిసిపోయాను. మనిషికి ఒక్క పని గుర్తుండిపోతే, ఆ తర్వాత చేసినవన్నీ ఆ ఒక్కదానికి కాపలా కాయడమే. ఆ గెలాక్సీలో వాయువు లోపలికి పడుతోందని చెప్పాను సరే, అంత వాయువు చేరుతుంటే మధ్యలో కొత్త నక్షత్రాలు పుట్టాలి గదా, అక్కడ చీకటిగా ఎందుకుందని ప్రతి సభలోనూ ఎవరో ఒకరు లేచి అడిగేవారు. దానికి జవాబులు వెతకడంతోనే నా జుట్టు నెరిసింది. ఒక జవాబుకి రెండు వ్యాసాలు, ఇంకో జవాబుకి ఒక విద్యార్థి డాక్టరేటు. ఏ జవాబూ నాకు నిద్ర పట్టించలేదు.

అయినా ఆ ఆరు గంటలు వదులుకోను. ఇక్కణ్నుంచే డిష్‌ని ఆ వైపు తిప్పమంటాను. కొత్తగా ఏమీ వెతకను. ఊరికే చూస్తాను. ఇన్నేళ్లు నాకు అన్నం పెట్టినదాన్ని ఒకసారి ఊరికే చూసే హక్కు నాకుందనుకుంటున్నాను.

ఫొటో నేనే అచ్చు వేశాను. కొండ మీద అద్దాల దూరదర్శిని వాళ్ల దగ్గర ఫొటో తీసిన గాజు పలక అరువు తెచ్చి, మా మాస్టారి చీకటి గదిలో చేశాను. రెండు ప్రతులు తీశాను. ఒకటి నా లెక్కలకి, ఒకటి అక్కకి. అక్క దాన్ని చూసి, ఏం వంటకమిది అంది.

మీరు ఇంత చిన్న ప్రశ్న ఎప్పుడూ అడగరు. ఎందుకడిగారు?

ఫుసకొ


మినెజావా,
జనవరి

ఫుసకొకి,

ముందు మంచు సంగతి రాస్తాను. రెండు రోజులు కురిసి డిష్ నిండిపోయింది. దాన్ని ఎండవైపు వంచి ఉంచారు, పెద్ద ముద్దలు జారి పడుతుంటే ఊరంతా పిడుగులు పడ్డట్టు చప్పుడు. వెనకటికి మంచు తియ్యడానికి మేమే ఎక్కేవాళ్లం. ఒకసారి నా చెప్పు లోపల పడిపోతే, నాలుగు రోజులు ఆకాశంలో ఎటు తిప్పినా ఒక కొత్త రేడియో మూలం కనబడుతోందని మీ మాస్టారు మురిసిపోయారని కథ చెబుతుంటాను. నువ్వు అది అబద్ధమంటావు. సగమే అబద్ధం.

నువ్వడిగినదానికి జవాబు వాయిదా వేస్తున్నానని నీకు తెలిసిపోయే ఉంటుంది. ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి పొయ్యిలో వేశాను. ఇప్పుడు చెబుతాను.

అక్టోబరు ఆఖర్లో ఒక ఉదయం మినొవా టిఫిన్ తింటూ, చాప్‌స్టిక్స్ గాలిలో పట్టుకుని, గోడమీది ఫొటో వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత గదిలోకి పోయి కంప్యూటరు తెచ్చి, అందులో ఈమధ్య తీసిన ఫొటో తెరిచి, గోడ పక్కన పెట్టింది. నేను మిసో సూపు పట్టుకుని నిలబడ్డాను. రెండూ ఒకటే గెలాక్సీ అంది. ఒకదానిలో గెలాక్సీ చుట్టల చేతులు కుడికి చుట్టుకున్నాయి, ఇంకోదానిలో ఎడమకి.

నాకు అర్థం కాలేదు. ఆ అమ్మాయి ట్రే తీసుకుని ఏటవాలుగా పట్టుకుంది. మధ్యలో టీ కప్పు, పక్కన ఒక ముల్లంగి ముక్క.

"ఈ ముక్క నానుంచి దూరంగా పోతోందనుకోండి. కప్పుకి ఇవతల ఉంటే, దూరంగా పోవడమంటే కప్పు దగ్గరికి చేరడం. అవతల ఉంటే, కప్పుని వదిలి పోవడం. ముక్క మనవైపు వస్తోందో మననుంచి పోతోందో డిష్ చెబుతుంది. కప్పుకి ఇవతలుందో అవతలుందో డిష్ చెప్పలేదు."

"మరెవరు చెబుతారు?" అన్నాను.

"ఫొటో చెప్పాలి తకమిజావా గారూ. గెలాక్సీ తిరుగుతుంటే చేతులు వెనక ఈడ్చుకుంటూ వస్తాయి. అవి ఎటు చుట్టుకున్నాయో చూసి, ఏ పక్క మనకు దగ్గరో చెప్పుకుంటాం."

ఇంకేమీ అనలేదు. ట్రే దింపి, ఆ ముల్లంగి ముక్క తినేసింది. గోడమీది ఫొటో అద్దంలో చూసినట్టు తిరగబడి ఉందని అప్పుడు నాకూ వెలిగింది. తిరగబడితే దగ్గరి పక్క దూరపు పక్క అవుతుంది. లోపలికి పోతోందన్న వాయువు బయటికి పోతున్నట్టు లెక్క.

నేనేం చేశానో విను. ఎవరితోనూ అనకమ్మా అన్నాను. ఇంకో అయిదారేళ్లలో మేమంతా పోతాం, అప్పుడు తీరిగ్గా రాసుకో అన్నాను. నవ్వుతుందనుకున్నాను. అలాగేనండి అని తల వంచింది. అది విన్నాక ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఆమెకి మార్చి తర్వాత ఉద్యోగం లేదు. చేతిలో ఉన్న ఒక్క కొత్త సంగతి ఇదే. అది పైకి తీస్తే నీ మొహాన కొట్టినట్టవుతుందని లోపల పెట్టుకుని కూచుంది. పోనీ రాద్దామన్నా, ఆ రోజుల్లో మీరు ఒక పక్కే కొలిచారట, రెండో పక్క మీ పరికరానికి అందలేదట. అది కూడా చూస్తేగాని గట్టిగా అనలేదు. చిలీలో ఉన్న పెద్ద డిష్‌ల గుంపులో సమయం రావాలంటే ఏడాది పడుతుంది. ఇక్కడ గంటలన్నీ పంచేశారు, ఆఖరి ఆరు తప్ప.

ఆ ఆరూ నీవి. ఆమె అడగదు. నేనూ అడగడం లేదు. నువ్వు అడిగినదానికి చెప్పానంతే.

మొతోజి


ఇబుసుకి,
ఫిబ్రవరి

బావగారూ,

ఆ అమ్మాయి చెప్పింది నిజం. నా దగ్గరున్న ఫొటో ప్రతి కూడా తీసి చూశాను. గాజు పలకకి ఒకవైపే మందు పూత ఉంటుంది. అది కాగితానికి ఆనాలి. నేను తిరగేసి పెట్టాను. ఆ గెలాక్సీ నిట్టనిలువుగా నిలబడి ఉంటుంది, చుట్టూ చుక్కలు తక్కువ, తిరగేసినా తేడా తెలియదు. చేతులు తప్ప.

అంకెలన్నీ సరైనవే. ఒక్కటీ మార్చనక్కర్లేదు. నిలబడిన చోటే తప్పు.

మీకు అక్టోబరు నుంచీ తెలుసు.

ఓదారుస్తూ రాయకండి.

ఫుసకొ


మినెజావా,
ఫిబ్రవరి

ఫుసకొకి,

ఓదార్చడం లేదు. మంచు ఆగింది.

మినొవా పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. సొంత ఊళ్లో వాళ్ల నాన్నకి టోఫు కొట్టుంది, అక్కడ కూచుంటుందట. సోయా గింజలు నానబెట్టడం చిన్నప్పుడే వచ్చు అంది. నేను ఆమెకి గెలాక్సీలు చదివినవాళ్లు చేసిన టోఫు ఎలా ఉంటుందో అని ఒక హాస్యం చెప్పాను. నవ్వింది, నా మీద జాలితో.

ఫొటో గోడమీదే ఉంది. తియ్యాలంటే చెయ్యి రాలేదు. అది నువ్విచ్చిందని కాదు, మీ అక్క మేకు కొట్టింది గనక. మీ అక్క బతికి ఉంటే మనిద్దర్నీ ఒక గదిలో కూచోబెట్టి, మాట్లాడుకునేదాకా భోజనం పెట్టేది కాదు. నాకా చేతగాదు. నేను ఆకలికి ఆగలేను.

నీ మీద నాకు కోపం లేదు. నీకు నామీద ఉంటే ఉంచుకో. ముసలితనంలో ఏదో ఒకటి ఉండాలి.

మొతోజి


ఇబుసుకి,
మార్చి మొదట్లో

బావగారూ,

వస్తున్నాను. గది వెచ్చగా ఉంచండి, కింది గది, మెట్లు లేకుండా. పక్క నేలమీద వద్దు, మంచం కావాలి.

నిన్న మినొవాకి ఫోన్ చేశాను. నా పేరు చెప్పగానే అవతల కుర్చీ పడిపోయింది. ఆ తర్వాత గొంతు దగ్గరగా, దూరంగా వినబడుతోంది, ఫోన్ పట్టుకుని వంగి వంగి దణ్ణాలు పెడుతోందన్నమాట. నిటారుగా నిలబడి మాట్లాడమన్నాను. ఈ సంగతి ఎక్కడైనా రాశావా అంటే, ఒక వ్యాసం చివర ఒక వాక్యం చేర్చానంది. చదవమన్నాను.

"‘ప్రవాహ దిశ గురించిన పూర్వ నిర్ణయం మరికొంత పరిశీలనకు తగినది కావచ్చు.’"

"ఎవరి పూర్వ నిర్ణయం?"

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"నేనింకా పోలేదమ్మా. నా ఇంటిపేరు పెట్టి ‘అరిమురా చెప్పింది తప్పు’ అని రాయి."

"సెన్సే, గురువుగారూ, ఆ మాట ఇక్కడ ఎవరూ రాయరు."

"అందుకే అది ముప్పై ఏళ్లు నిలిచింది."

ఏడ్చిందనుకుంటాను. నేను ఏడవలేదు. నాకు ఒళ్లు నొప్పులు, అంతకు మించి ఏమీ లేదు. ఆరు గంటలూ ఆమెకి రాసిచ్చాను. సంఘం పెద్దమనిషి ఫోన్ చేసి, సభకి ఇది శుభంగా ఉండదేమో, మీ చివరి చూపుగా ఉంచుదామని బతిమాలాడు. చివరి చూపు సరిగ్గా చూడనివ్వండి అన్నాను.

షరతు ఒకటే పెట్టాను. వ్యాసంలో ఆమె పేరు తర్వాత నా పేరు ఉండాలి. నా తప్పు ఇంకొకళ్లు దిద్దుతుంటే నేను ఇసుకలో పడుకుని చూడను.

మీ మీద కోపం పోలేదు. ఉంచుకోమన్నారుగా.

ఫుసకొ


ఇబుసుకి,
మార్చి ఆఖరు

బావగారూ,

మీరు అడగలేదు, నేను చెప్పలేదు. డిష్ ఆఖరి రోజు సాయంత్రం నేను వచ్చేసరికి మీరు వంటింట్లో సోబా నూడుల్స్ పిండి పిసుకుతూ వెనక్కి తిరగలేదు. మర్నాడు పొద్దున నా బస్సు వచ్చేసింది. అయిదు రోజులు ఒక ఇంట్లో ఉండి మనం మాట్లాడుకున్నది మంచం ఎత్తు గురించి, ముల్లంగి ఉప్పు గురించి. మీరు కంట్రోలు గదికి రానని మొండికేశారు, మీరు వస్తే ఆ అమ్మాయికి బెదురని సాకు. బెదిరింది మీరే. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

ఉదయం ఎనిమిదికి మొదలుపెట్టాం. గదిలో మేమిద్దరం, డిష్ నడిపే ఆయన ఒకడు. వెనక సంఘం వాళ్లు వరసగా నిలబడి, ఎవరూ దగ్గకుండా దగ్గు మింగుకుంటున్నారు. మినొవా డిష్‌ని ముందు నేను వెనకటికి కొలిచిన పక్కకే తిప్పింది. ఎందుకన్నాను. మీ అంకెలు సరైనవని ముందు అందరికీ చూపించాలి సెన్సే అంది. ఆ మాటకి నేను తయారుగా లేను. కళ్లద్దాలు తుడుచుకున్నాను.

ఆ పక్క అంకె యథాతథంగా వచ్చింది. వెనకటికి నాకు నెల పట్టినది, ఇప్పటి పరికరంతో గంటలో. తర్వాత రెండో పక్క. తెర మీద ఊరికే గడ్డి దుబ్బులా రొద గీతలు. పదకొండు దాటింది, ఏమీ లేదు. పెద్దమనుషులు ఒక్కొక్కరే భోజనాలకి జారుకున్నారు. ఆ అమ్మాయి గోళ్లు కొరుకుతోంది. రెండో పక్క ఏమీ లేకపోతే సగం మాటే మిగులుతుంది, సగం మాటకి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. నేను ఆమెకి వాళ్ల నాన్న కొట్టులో టోఫు ఎలా చేస్తారని అడిగాను. గింజలు నానబెట్టడం దగ్గర మొదలుపెట్టి, పాలు విరగ్గొట్టే దాకా చెప్పింది. విరిగేటప్పుడు గరిటె పెట్టకూడదట. చూస్తూ ఊరుకోవాలట.

ఒంటి గంట తర్వాత రొద మధ్యలో చిన్న గుట్ట లేచింది. చెరగలేదు. పెరిగింది. రెండో పక్క వాయువు కూడా, మొదటి పక్క లాగే, మధ్యని వదిలి పోతోంది. రెండు పక్కలా బయటికే. డిష్ నడిపే ఆయన లేచి నాకు వంగి దణ్ణం పెట్టాడు. ఎందుకో ఆయనకీ తెలియదనుకుంటాను.

బావగారూ, నాకు సిగ్గు వేస్తుందనుకుని వచ్చాను. వెయ్యలేదు. ఆ గెలాక్సీ మధ్యలో చీకటి ఎందుకని ఇన్నేళ్లు అడిగారు, ఇన్నేళ్లు జవాబులు కట్టాను. అంత తిండి పోతున్నా దాని ఆకలి ఎందుకు తీరడం లేదని ఎన్నెన్ని కారణాలు చెప్పాను. అక్కడికి ఏమీ చేరడం లేదు. అంతే. ఇంత చిన్న జవాబు. ఆ తెర ముందు కూచుని నాకు నవ్వు వచ్చింది. మినొవా భయపడి మంచినీళ్లు తెచ్చింది.

ఇప్పుడు ఆ డాక్టరేటు విద్యార్థికీ, నా జవాబుల మీద ఇళ్లు కట్టుకున్న మిగతావాళ్లకీ ఉత్తరాలు రాయాలి. ఒక్కొక్కరికీ విడివిడిగా. ఏడాది పడుతుంది. మినొవా గురించి ఉత్తరాన ఒక విశ్వవిద్యాలయానికి రాశాను, అక్కడ ఖాళీ ఉంది. సిఫారసులో గొప్పలు రాయాలి గదా, నాకు రాలేదు. ఈమె నా తప్పు పట్టుకుంది, పట్టుకున్నాక ముందు నా అంకెలు సరైనవని చూపించింది, అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టాను. ఇస్తారో ఇవ్వరో తెలియదు. ఇవ్వకపోతే మళ్లీ రాస్తాను.

మీ మీద కోపం ఎక్కడో దారిలో జారిపోయింది. వెతకలేదు.

కగోషిమాలో చిన్న రైలెక్కి కూచోగానే నిద్ర పట్టేసింది. కల లేదు, మెలకువ లేదు. ఇబుసుకి ఎప్పుడు దాటిందో తెలియదు. గార్డు భుజం తట్టి లేపేసరికి మకురజాకి, బోగీ అంతా ఎండుచేపల పొగ వాసన. ఇక్కడితో పట్టాలు ఆఖరమ్మగారూ అన్నాడు. తిరుగు రైలు ఎప్పుడంటే, రెండు గంటలు పడుతుందన్నాడు.

ప్లాట్‌ఫారం బెంచీ మీద సంచీ తలకింద పెట్టుకుని మళ్లీ పడుకున్నాను.

ఫుసకొ